వాక్యంలో తేలే అర్థం: గురుకుల, నవోదయ ప్రవేశ పరీక్షలకు పదజాల సాధన

వరంగల్ దగ్గరి మామునూరు, కరీంనగర్ జిల్లా చొప్పదండి, ఆసిఫాబాద్ జిల్లా కాగజ్‌నగర్‌లలోని జవహర్ నవోదయ విద్యాలయాల్లో ఆరో తరగతి సీటు కోసం ఐదో తరగతి పిల్లలు రాసే పరీక్షలో మొత్తం 80 ప్రశ్నలు, 100 మార్కులు ఉంటాయి. సమయం రెండు గంటలు. అందులో 40 ప్రశ్నలు మేధాశక్తికి, 20 గణితానికి, 20 భాషకు కేటాయించారు. ఒక్కో విద్యాలయంలో గరిష్ఠంగా 80 సీట్లే ఉండటం, ఒకసారి ఈ పరీక్ష రాసిన విద్యార్థికి రెండోసారి రాసే అవకాశం లేకపోవడం వల్ల ప్రతి ప్రశ్నకూ బరువు ఎక్కువ. అయినా ఇళ్లలోనూ కోచింగ్ కేంద్రాల్లోనూ సాధన సమయమంతా బొమ్మల ప్రశ్నలకు, లెక్కలకు పోతుంది. భాషకు మిగిలేది చివరి వారాల్లో పర్యాయపదాల పట్టికను బట్టీ పట్టడం మాత్రమే. 25 మార్కులున్న ఒక విభాగాన్ని ఇలా వదిలేయడం పిల్లలకు నష్టం చేస్తోంది.

ఆ భాషా విభాగం స్వరూపం చూస్తే పట్టిక ఎందుకు సరిపోదో అర్థమవుతుంది. అక్కడ నాలుగు గద్యభాగాలు ఇస్తారు, ఒక్కోదాని కింద ఐదు ప్రశ్నలు అడుగుతారు. కొన్ని ప్రశ్నలు విషయానికి సంబంధించినవి, మరికొన్ని గద్యభాగంలోని ఒక పదానికి అర్థాన్నో వ్యతిరేక పదాన్నో అడిగేవి. విడిగా ఒక పదం ఇచ్చి అర్థం రాయమనడం ఉండదు. రాష్ట్ర గురుకులాల ఐదో తరగతి ప్రవేశ పరీక్షలో తెలుగుకు 20, ఆంగ్లానికి 25 మార్కులున్నాయి. ఆదర్శ పాఠశాలల ఆరో తరగతి ప్రవేశంలో ఈ రెండు భాషలకూ చెరి 25 మార్కులు, అంటే మొత్తంలో సగం. సైనిక్ పాఠశాలల ఆరో తరగతి పరీక్షలో 300 మార్కులకుగాను భాషకు 50 ఉన్నాయి. వీటిలో వ్యాకరణాంశాలు, విడి పదాల ప్రశ్నలు కొంత ఎక్కువగా కనిపించవచ్చు గానీ, పిల్లవాడు తడబడే చోటు మాత్రం అన్నిటిలోనూ ఒకటే: తనకు తెలిసిన మాట తనకు తెలియని అర్థంలో ఎదురైనప్పుడు.

తెలుగులో ఇలాంటి మాటలకు కొదవ లేదు. ‘పాలు’ అనగానే ఏ పిల్లవాడైనా బర్రె పాలనే తలుచుకుంటాడు. ‘ఆస్తిలో తన పాలు తీసుకున్నాడు’ అన్నప్పుడు అది వాటా, ‘చేతికొచ్చిన పంట నీటి పాలయింది’ అన్నప్పుడు అది నష్టం. ‘కోత’ వరికి జరిగితే పండుగ, ఒడ్డుకు జరిగితే ముప్పు, జీతానికి జరిగితే తగ్గింపు. వాన వెలిస్తే ఆగిపోయినట్టు, బట్ట వెలిస్తే రంగు పోయినట్టు, గుట్ట మీద దేవుడు వెలిస్తే ప్రత్యక్షమైనట్టు. ఈ మూడింటినీ పక్కపక్కన రాసి ‘నానార్థాలు’ అని వల్లె వేయించినంత మాత్రాన పరీక్షలో సరైనది దొరకదు. ఎన్ని అర్థాలున్నాయో తెలిసి ఉండటం ఒక ఎత్తు, ఎదుట ఉన్న వాక్యం వాటిలో దేనిని కోరుతోందో గుర్తించడం మరో ఎత్తు. ప్రశ్నపత్రం పరీక్షించేది ఈ రెండో నైపుణ్యాన్నే.

నమూనాగా ఒక చిన్న గద్యభాగాన్ని పరిశీలించవచ్చు:

“ఆ ఏడు వానలు ముఖం చాటేశాయి. చెరువు అడుగంటింది. ఊరి పెద్దలు కూర్చొని, ఉన్న నీటిని మొదట తాగడానికి, తర్వాత పశువులకు, మిగిలితేనే పొలాలకు వాడాలని తీర్మానించారు. కొందరు రైతులు మొదట సణిగినా చివరికి అందరూ ఆ మాటకు కట్టుబడ్డారు. మరుసటి ఏడు చెరువు నిండి మత్తడి దుంకినప్పుడు, ఆ కట్టుబాటు వల్లే తమ పశువులు దక్కాయని ఊరంతా సంబరపడింది.”

ఇందులో ‘దక్కాయి’ అనే పదానికి అర్థం అడిగి, ‘లభించాయి, ప్రాణాలతో మిగిలాయి, పెరిగాయి, అమ్ముడుపోయాయి’ అని నాలుగు ఆప్షన్లు ఇచ్చారనుకుందాం. పట్టికలో ‘దక్కు అంటే లభించు’ అని చదువుకున్న పిల్లవాడు క్షణం ఆలోచించకుండా మొదటిదాన్ని గుర్తిస్తాడు. గద్యభాగం ప్రకారం పశువులు ఊరివారికి కొత్తగా దొరకలేదు. అవి ముందునుంచీ ఉన్నవే, కరువులో చావకుండా బతికి బయటపడ్డాయి. కాబట్టి సరైన జవాబు రెండోది. ప్రశ్న తయారుచేసేవారు తప్పు ఆప్షన్లను ఊరికే పెట్టరు. నిఘంటువులో నిజంగా ఉన్న అర్థాన్నే, ఆ వాక్యానికి సరిపడని అర్థాన్నే, ఎరగా పెడతారు. బట్టీ ఎంత బాగా పడితే ఆ ఎరకు అంత త్వరగా చిక్కే ప్రమాదం ఉంది. బాగా చదివే పిల్లలకు కూడా భాషలో అనుకున్న మార్కులు రాకపోవడానికి ఇది ఒక ముఖ్య కారణమనిపిస్తుంది.

అదే గద్యభాగంలో ‘సణిగినా’ అన్న మాట తెలియని పిల్లవాడికి కూడా దారి ఉంది. ‘మొదట... నా, చివరికి’ అనే కూర్పు రెండు పరస్పర విరుద్ధమైన స్థితులను కలుపుతుంది. చివరి స్థితి ఒప్పుకోవడమని స్పష్టంగా తెలుస్తోంది గనుక మొదటిది ఇష్టం లేకపోవడమే అయి ఉండాలి. ‘అడుగంటింది’ అన్నదాన్ని ముందు వాక్యం విప్పుతుంది: వానలు లేవు, కాబట్టి చెరువులో నీరు తగ్గి ఉంటుంది. ‘కట్టుబడ్డారు’ అన్నదాన్ని తర్వాతి వాక్యంలోని ‘కట్టుబాటు’ బలపరుస్తుంది. కారణం చెప్పే ‘అందువల్ల, కాబట్టి’, వ్యతిరేకత చెప్పే ‘కానీ, అయినా’, వివరణ ఇచ్చే ‘అంటే, అనగా’, ఉదాహరణ చూపే ‘వంటి, మొదలైన’ అనే చిన్న మాటలు తెలుగు వాక్యంలో అర్థానికి ఆధారాలు. తెలుగులో ‘-నా’, ‘-తే’, ‘-క’ వంటి ప్రత్యయాలు క్రియలోనే కలిసిపోయి ఉంటాయి కాబట్టి, పదం చివర ఏముందో చూసే అలవాటు మొదటినుంచీ చేయించాలి. ‘అడిగినా ఇవ్వలేదు’కు, ‘అడిగితే ఇవ్వలేదు’కు, ‘అడగక ఇవ్వలేదు’కు మధ్య తేడా పదేళ్ల పిల్లలు చెవితో పట్టుకోగలరు. కాగితం మీద చూసినప్పుడు మాత్రం దాటేస్తారు.

అయితే సందర్భం ప్రతిసారీ సహాయం చేస్తుందని పిల్లలకు చెప్పడం సరికాదు. బెక్, మెక్‌కౌన్, మెక్‌కాస్లిన్ అనే ముగ్గురు పరిశోధకులు 1983లోనే సందర్భాలను నాలుగు రకాలుగా విడదీశారు: అర్థాన్ని నేరుగా చూపేవి, స్థూలంగా సూచించేవి, ఏమీ చెప్పనివి, తప్పుదారి పట్టించేవి. ఈ చివరి రకం పరీక్షలో చాలా ప్రమాదకరం. ‘నిరాడంబరంగా జరిగిన ఆ పెళ్లికి ఊరంతా తరలివచ్చింది, ఎవరి ముఖంలో చూసినా సంతోషమే’ అన్న వాక్యం చదివిన పిల్లవాడు ‘నిరాడంబరంగా’ అంటే ‘ఘనంగా’ అని ఊహించుకోవడంలో ఆశ్చర్యం లేదు. ‘పందిరి, బాజాలు, పెద్ద విందు ఏవీ లేకుండా నిరాడంబరంగా జరిగింది’ అంటే ఆ పొరపాటుకు తావుండదు. మొదటి వాక్యంలో ఆదుకునేది పద నిర్మాణం. ‘ఆడంబరం’ ముందు చేరిన ‘నిర్’ అనేది లేకపోవడాన్ని సూచిస్తుందని తెలిసిన విద్యార్థి సంతోషాన్ని చూసి మోసపోడు. నిర్మలం, నిరాశ, నిరక్షరాస్యుడు, నిర్భయం వంటి మాటలను ఒక గుంపుగా చదివించడం, అలాగే ‘దుర్’, ‘సు’, ‘అ’ చేరిన మాటలను వాక్యాల్లో చూపడం సందర్భ సాధనకు తోడుగా ఉండవలసిన పని. సందర్భం, నిర్మాణం రెండూ ఒకే జవాబును చూపితే ధైర్యంగా గుర్తించవచ్చు. అవి విభేదిస్తే వాక్యాన్ని మరోసారి చదవాలి.

చుట్టూ ఉన్న మాటలు తెలిస్తేనే తెలియని మాటను ఊహించగలమన్నది ఇంకో పరిమితి. ఆంగ్లాన్ని రెండో భాషగా చదివేవారిపై హూ, నేషన్ అనే పరిశోధకులు 2000లో చేసిన అధ్యయనం ప్రకారం, సహాయం లేకుండా ఒక కథను సరిగా అర్థం చేసుకోవాలంటే అందులోని నూటికి 98 మాటలు ముందే తెలిసి ఉండాలి. అంటే వంద మాటల గద్యభాగంలో తెలియనివి రెండుకు మించకూడదు. ఈ లెక్క ఉత్తర తెలంగాణకు చాలా దగ్గరి విషయం. ములుగు, మహబూబాబాద్, ఆదిలాబాద్, ఆసిఫాబాద్ జిల్లాల్లో ఇంట్లో గోండీ, కోయ, లంబాడీ మాట్లాడే పిల్లలకు తెలుగే రెండో భాష, ఆంగ్లం మూడోది. అలాంటి పిల్లవాడికి పరీక్ష స్థాయి గద్యభాగాన్ని మొదటిరోజే ఇచ్చి ‘సందర్భాన్ని బట్టి ఊహించు’ అనడం న్యాయం కాదు. మూడో తరగతి తెలుగు వాచకంలోని పాఠాలతో మొదలుపెట్టి, ఒక్కో పుటలో తెలియని మాటలు నాలుగైదుకు మించకుండా చూసుకుంటూ క్రమంగా పైకి తీసుకెళ్లడమే సరైన పద్ధతి. ఇది వెనకబాటుగా భావించనక్కరలేదు. అది వేసుకోవలసిన పునాది, దానికి ఎక్కువ నెలలు కేటాయించవలసిన బాధ్యత పెద్దలది.

తెలుగే ఇంటి భాషగా ఉన్న పిల్లల విషయంలో చిక్కు వేరు. వాచకంలో ‘మార్గం’, ఇంట్లో ‘తొవ్వ’. వాచకంలో ‘స్నేహం’, ఇంట్లో ‘సోపతి’. వాచకంలో ‘ఆసుపత్రి’, ఇంట్లో ‘దవాఖాన’. వాచకంలో ‘మొక్కజొన్న’, ఇంట్లో ‘మక్కలు’. ఈ ఇంటి మాటను తప్పుగా చూసి చెరిపేసే బోధన పిల్లవాడి చేతిలో ఉన్న తాళంచెవిని లాక్కున్నట్టే. హనుమకొండలో జీవించిన కాళోజీ నారాయణరావు జన్మదినమైన సెప్టెంబర్ 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్న రాష్ట్రంలో ఈ మాట ప్రత్యేకంగా చెప్పవలసి రావడం బాధాకరం. కొత్త మాట ఎదురైనప్పుడు ‘దీన్ని ఇంట్లో ఏమంటారు?’ అని అడగడం కంటే వేగంగా అర్థం చేరవేసే మార్గం లేదు. ‘గోస’ తెలిసిన పిల్లవాడికి ‘వ్యథ’ను ఒక్క వాక్యంలో అందించవచ్చు. పరీక్షలో ప్రామాణిక రూపాన్ని గుర్తించాలి కాబట్టి రెండు రూపాలూ పక్కపక్కన ఉండాలి. ఒకదాన్ని తీసేసి మరొకటి పెట్టవలసిన అవసరం లేదు.

పల్లె పిల్లలకు స్పష్టంగా కలిసొచ్చే చోట్లూ ఉన్నాయి. ‘రాత్రి కురిసిన వానకు నేల పదునెక్కింది’ అన్న వాక్యంలో పట్నం పిల్లవాడు కత్తి పదును దగ్గరే ఆగిపోవచ్చు. నర్సంపేట వైపు రైతు ఇంటి పిల్లకు అది విత్తడానికి తగిన తడి అని పుట్టుకతో తెలుసు. అదును, కాపు, మొలక, నారు, తూము, కట్ట, గండి వంటి మాటలు గద్యభాగాల్లో తరచుగా వస్తాయి, ఎందుకంటే ప్రశ్నపత్రాలకు పల్లె జీవితం, చెరువులు, చెట్లు, పశువులు ఇష్టమైన విషయాలు. నవోదయలో కనీసం 75 శాతం సీట్లు గ్రామీణ విద్యార్థులకే ఉన్నాయి. ఆ పిల్లలు ఇంటి నుంచి తెచ్చుకునే ఈ పదసంపదను పరీక్షకు పనికొచ్చే సరుకుగా చూసే ఉపాధ్యాయుడు వారికి సగం పని సులువు చేస్తాడు. జగిత్యాల, నిజామాబాద్ పల్లెల్లో బీడీలు చుట్టే తల్లికి చదువు రాకపోయినా సామెతలు, జాతీయాలు, పొలం మాటలు అనేకం వచ్చి ఉంటాయి. పిల్లవాడు గద్యభాగాన్ని చదివి వినిపిస్తే, ఆమె ‘అంటే ఏంది బిడ్డా?’ అని అడిగితే, అతడు తన మాటల్లో చెప్పవలసి వస్తే, అంతకు మించిన పఠనావగాహన అభ్యాసం ఏ గైడులోనూ ఉండదు.

ఆంగ్లం దగ్గరికి వచ్చేసరికి సమస్య మరింత చిక్కబడుతుంది. 2022-23 నుంచి రాష్ట్ర ప్రభుత్వ పాఠశాలల్లో ఆంగ్ల మాధ్యమం మొదలై, ఒక పక్క తెలుగు, మరో పక్క ఆంగ్లం ఉన్న ద్విభాషా పాఠ్యపుస్తకాలు వచ్చాయి. ఈ పుస్తకాలు సందర్భ సాధనకు దొరికిన మంచి అవకాశం, ఎందుకంటే ఒకే వాక్యాన్ని రెండు భాషల్లో పోల్చి చదవవచ్చు. వాడుకలో తెలుగైపోయిన ఆంగ్ల పదాలే ఇక్కడ ఎక్కువ ఇబ్బంది పెడతాయి. ‘ట్యాంక్’ అంటే పిల్లవాడికి ఇంటిమీద ఉన్న నల్లటి ప్లాస్టిక్ తొట్టి. కాకతీయులు రామప్ప, పాఖాల, లక్నవరం ట్యాంకులు కట్టించారని ఆంగ్ల పాఠంలో చదివితే అవి చెరువులని తట్టదు. ‘కరెంట్’ అంటే విద్యుత్తు, గోదావరిలో కరెంట్ బలంగా ఉందంటే అది ప్రవాహమని ఊహించడం కష్టం. ‘బోర్’ అంటే పొలంలో వేసేది. ‘ఫెయిర్’ అంటే ముఖానికి రాసుకునే క్రీముల ప్రకటనల్లోని తెల్లదనం. మేడారంలో రెండేళ్లకోసారి జరిగే సమ్మక్క-సారలమ్మ జాతరను ఆంగ్లంలో అదే మాటతో చెబుతారని, రేషన్ దుకాణం బోర్డు మీద ‘ఫెయిర్ ప్రైస్’ అన్నచోట అదే మాటకు న్యాయమైన అని అర్థమని చూపితే, ఒక మాటకు మూడు వాక్యాలు, మూడు అర్థాలు పిల్లల మనసులో నిలబడతాయి. ఈ ఉదాహరణలు దూరంగా వెతకనక్కరలేదు, ఊళ్లోనే ఉన్నాయి.

ఇక సాధన ఎలా సాగాలన్నది ముఖ్యమైన ప్రశ్న. విస్తారంగా చదవడం మేలే, కానీ దానిమీదే ఆధారపడటం పరీక్షకు సరిపోదు. స్వాన్‌బోర్న్, డి గ్లోపర్ అనే డచ్ పరిశోధకులు 1999లో అనేక అధ్యయనాలను కలిపి చూసినప్పుడు, చదువుతూ ఉండగా ఎదురైన తెలియని మాటల్లో విద్యార్థులు సగటున సుమారు 15 శాతం మాత్రమే నేర్చుకుంటున్నారని తేలింది. మిగతావి కంటిముందు నుంచి జారిపోతాయి. వాటిని పట్టుకోవడానికే పదాల నోటుబుక్కు. ఆ నోటుబుక్కులో పదం, దాని ఎదురుగా అర్థం రాసే అలవాటు మానాలి. పదం కనిపించిన వాక్యాన్ని మొత్తంగా రాసి, ఆ మాట కింద గీత గీసి, దాని కింద పిల్లవాడు సొంతంగా తయారుచేసిన మరో వాక్యాన్ని రాయించాలి. సొంత వాక్యం కుదరలేదంటే అర్థం ఇంకా పట్టుబడలేదని తెలుసుకోవచ్చు. ‘అతడు చాలా నిరాడంబరుడు’ వంటి ఏ మాటైనా ఇమిడే వాక్యాన్ని ఒప్పుకోకూడదు. ‘కలెక్టర్ అయినా సైకిల్ మీదే బడికి వచ్చిన ఆయన నిరాడంబరతకు పిల్లలు ఆశ్చర్యపోయారు’ అని రాయగలిగినప్పుడే ఆ మాట అతని సొంతమైనట్టు.

రోజుకు నాలుగైదు మాటలు చాలు. ఎక్కువ రాయించాలన్న తొందరలో పిల్లలు వాక్యాలు వదిలేసి మళ్లీ పట్టికకే మళ్లుతారు. రాసినవాటిని మరునాడు, మూడు రోజుల తర్వాత, వారం తర్వాత మళ్లీ చూడాలి, కానీ అదే వాక్యంలో చూపకూడదు. కొత్త వాక్యంలో ఆ మాట ఉన్నచోట ఖాళీ పెట్టి, ఏది ఇముడుతుందో అడగాలి. నేర్చుకున్నది మొదటి రోజుల్లోనే వేగంగా మరుపున పడుతుందని జర్మన్ శాస్త్రవేత్త ఎబ్బింగ్‌హౌస్ 1885లోనే ప్రయోగాలతో చూపాడు కాబట్టి, మొదటి పునశ్చరణను వారాంతానికి వాయిదా వేయడం శ్రమను వృథా చేసుకోవడమే.

ఆప్షన్లను పరీక్షించే పద్ధతిని కూడా విడిగా నేర్పాలి. నాలుగు ఆప్షన్లనూ ఒక్కొక్కటిగా వాక్యంలో ఆ పదం స్థానంలో పెట్టి, వాక్యం మొత్తాన్ని చిన్నగా చదువుకోవాలి. ‘తమ పశువులు లభించాయని ఊరంతా సంబరపడింది’ అని చదివినప్పుడు చెవికి ఏదో తేడాగా తగులుతుంది. ఆ తేడాను నమ్మడం నేర్పాలి. వ్యతిరేక పదం అడిగిన ప్రశ్నల్లో రెండు మెట్లు ఉంటాయి. ముందు ఆ వాక్యంలోని అర్థం తేల్చుకొని, ఆ తర్వాతే దానికి ఎదురుగా నిలిచేదాన్ని వెతకాలి. పిల్లలు తొందరలో అర్థాన్నే గుర్తించి ముందుకు పోవడం చాలా సాధారణం కనుక ప్రశ్నలోని ‘వ్యతిరేక’ అన్న మాట కింద పెన్సిలుతో గీత గీయడం సాధనలో అలవాటు చేయించాలి. పిల్లలచేతే ఒక గద్యభాగానికి ప్రశ్న, దానికి మూడు తప్పు ఆప్షన్లు తయారు చేయించడం మరీ ఫలవంతమైన పని. నమ్మదగిన తప్పు జవాబును తయారుచేయగలిగిన విద్యార్థి, ఎర ఎలా పెడతారో తెలుసుకొని దానికి దూరంగా ఉంటాడు.

చదివే సామగ్రికి పెద్ద ఖర్చు అవసరం లేదు. మూడు నుంచి ఐదో తరగతి వరకు వాచకాలు, పరిసరాల విజ్ఞానం పుస్తకాలు, దినపత్రికల్లోని పిల్లల పేజీలు, పాఠశాల గ్రంథాలయంలోని కథల పుస్తకాలు సరిపోతాయి. పరిసరాల విజ్ఞానాన్ని భాషా సాధనకు వాడుకోవడం చాలామందికి తట్టదు. గద్యభాగాలు తరచుగా ఆరోగ్యం, నీరు, జంతువులు, మహనీయుల జీవితాల చుట్టూ తిరుగుతాయి కాబట్టి ఆ పుస్తకంలోని వాక్యాలే పరీక్ష వాక్యాలకు దగ్గరగా ఉంటాయి, పైగా ఆ చదువు గురుకుల పరీక్షలోని పరిసరాల విభాగానికీ పనికొస్తుంది.

పరీక్షకు ఆరు వారాల ముందు నుంచి సమయాన్ని కూడా సాధనలోకి తేవాలి. నవోదయ పరీక్షలో భాషా విభాగానికి సూచించిన సమయం 30 నిమిషాలు, అంటే ఒక్కో గద్యభాగానికి, దాని ఐదు ప్రశ్నలకు కలిపి ఏడున్నర నిమిషాలు. ఈ విభాగం పుస్తికలో చివరన ఉంటుంది కాబట్టి అక్కడికి చేరేసరికి పిల్లలు అలసిపోయి, గద్యభాగాన్ని చదవకుండానే ప్రశ్నల్లోని మాటలను పైన వెతకడం మొదలుపెడతారు. పెద్దల పోటీ పరీక్షల్లో పనిచేసే ఆ చిట్కా పదేళ్ల పిల్లలకు తగదు. మొత్తం గద్యభాగాన్ని ఒకసారి ఆగకుండా చదవడానికి రెండు నిమిషాలు, ఒక్కో ప్రశ్నకు నిమిషం చొప్పున అయిదు నిమిషాలు పోయినా, ఇంకా అర నిమిషం మిగులుతుంది. తెలియని మాట దగ్గర మొదటి చదువులో ఆగవద్దని, దాని అర్థం రెండు వాక్యాల తర్వాత దొరకవచ్చని చెప్పాలి. తప్పు జవాబుకు మార్కులు తగ్గించే నియమం నవోదయ పరీక్షలో లేదు గనుక, ఎంత ఆలోచించినా తేలని ప్రశ్నలో వాక్యానికి ఏమాత్రం ఇమడని ఆప్షన్లను కొట్టేసి, మిగిలినవాటిలో ఒకదాన్ని గుర్తించి రావాలి. మాదిరి పరీక్షలను రెండు గంటలూ పూర్తిగా కూర్చోబెట్టి, లెక్కల తర్వాతే భాష వచ్చేలా రాయిస్తే ఆ అలసటలోనూ నెమ్మదిగా చదవడం పిల్లలకు అలవాటవుతుంది.